తెర మసకబారడం వేరు, తెర తడబడటం వేరు: ల్యాప్‌టాప్ డిస్‌ప్లే పొదుపుల లోగుట్టు

కొత్త ల్యాప్‌టాప్ కొన్నవాళ్ల దగ్గర తరచూ వినిపించే ఫిర్యాదులు మూడున్నాయి. ఛార్జర్ తీయగానే రంగులు వెలిసిపోయినట్టు కనిపిస్తున్నాయి. నల్లటి విండో మూసి తెల్లటి పేజీ తెరిస్తే వెలుతురు వెంటనే రాకుండా మెల్లమెల్లగా పెరుగుతోంది. కాసేపు చదువుకుంటూ ఊరుకుని మౌస్ కదిపితే బాణం గుర్తు ఒక్క క్షణం అతుక్కుపోయి, ఆ తర్వాత దూకుతోంది. మూడింటికీ దొరికే సలహా మాత్రం ఒక్కటే: "డ్రైవర్‌లో పవర్ సేవింగ్ ఆపెయ్."

ఆపేస్తే సమస్య పోవచ్చు కూడా. కానీ ఆ సలహా ఇచ్చేవాళ్లు పవర్ సేవింగ్ అనే ఒకే పేరు కింద రెండు వేర్వేరు సంగతుల్ని కలిపేస్తున్నారు. మొదటి రకం పొదుపు బొమ్మలో ఒక్క చుక్కను కూడా మార్చదు. బొమ్మను తెర దాకా చేరవేయడానికయ్యే ఖర్చును మాత్రమే తగ్గిస్తుంది. అది నడుస్తోందని మీకు తెలియనే కూడదు. తెలిసిందంటే ఎక్కడో లోపం ఉంది. రెండో రకం కావాలనే బొమ్మను మారుస్తుంది. తేడా మీ కంటికి కనబడిందంటే అది చెడిపోలేదు, చెప్పిన పనే చేస్తోంది. పైన చెప్పిన మొదటి రెండు ఫిర్యాదులూ రెండో రకానివి. మౌస్ అతుక్కుపోవడం మొదటి రకానిది. ఈ తేడా పట్టుకుంటే మిగతా గందరగోళం చాలావరకు విడిపోతుంది.

కదలని బొమ్మకు కూడా ఖర్చే

గ్రాఫిక్స్ డ్రైవర్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌కూ గ్రాఫిక్స్ చిప్‌కూ మధ్య నడిచే సాఫ్ట్‌వేర్. ఏ బొమ్మ ఎక్కడ గీయాలో చిప్‌కు చెప్పేది అదే, గీసిన బొమ్మ తెరకు ఏ వేగంతో వెళ్లాలో నిర్ణయించేదీ అదే.

ఎల్‌సీడీ తెరలో ప్రతి పిక్సెల్ తనకిచ్చిన విద్యుదావేశాన్ని కొద్దిసేపే పట్టి ఉంచగలదు. అది మెల్లగా కారిపోతుంది. అందుకే బొమ్మ మారినా మారకపోయినా దాన్ని మళ్లీ మళ్లీ రాస్తూ ఉండాలి. 60 హెర్ట్జ్ తెర అంటే సెకనుకు 60 సార్లు రాసే తెర. ప్రతిసారీ బొమ్మ ముందు కంప్యూటర్ మెమరీలోంచి బయల్దేరాలి. చిప్‌లోని డిస్‌ప్లే భాగం దాన్ని చదివి, సన్నని కేబుల్ మీదుగా తెర వెనకున్న కంట్రోలర్‌కు పంపుతుంది. టీకాన్ అని పిలిచే ఆ కంట్రోలర్ పిక్సెళ్లకు పంచిపెడుతుంది. ల్యాప్‌టాప్ లోపల ఈ కేబుల్ మీద నడిచే ప్రమాణం పేరు ఎంబెడెడ్ డిస్‌ప్లేపోర్ట్, పొట్టిగా ఈడీపీ.

లెక్క వేసి చూద్దాం. 1920 × 1080 తెరలో 20,73,600 పిక్సెళ్లుంటాయి. మెమరీలో ఒక్కో పిక్సెల్‌కు 4 బైట్లు అనుకుంటే ఒక బొమ్మకు దాదాపు 83 లక్షల బైట్లు. సెకనుకు 60 సార్లంటే దాదాపు 50 కోట్ల బైట్లు. మీరు ఒకే పేజీని కదలకుండా చదువుతున్నా సరే, సెకను సెకనుకూ అంత డేటా మెమరీలోంచి తెరకు పారుతూనే ఉంటుంది. 2880 × 1800 తెరను 120 హెర్ట్జ్‌లో నడిపితే అదే లెక్క దాదాపు 249 కోట్లకు చేరుతుంది, అంటే ఐదు రెట్లు.

డేటా పారడానికయ్యే కరెంటు ఒక్కటే కాదు ఇక్కడ సంగతి. అది పారుతున్నంతసేపూ మెమరీ నిద్రపోవడానికి లేదు, చిప్‌లో డిస్‌ప్లే భాగం నిద్రపోవడానికి లేదు, కేబుల్‌కు రెండు చివర్లా ఉన్న సర్క్యూట్లు నిద్రపోవడానికి లేదు. ఇప్పటి ప్రాసెసర్లు పని లేనప్పుడు మొత్తంగా గాఢనిద్రలోకి జారుకునేలా తయారవుతున్నాయి. తెర ఒక్కటి మేలుకొలుపుతూ కూర్చుంటే ఆ నిద్ర వాటికి అందదు.

తెర తన బొమ్మను తానే దాచుకుంటే

మొదటి రకం పొదుపుల్లో చిన్నది ఫ్రేమ్‌బఫర్ కంప్రెషన్. బొమ్మను మెమరీలో కుదించిన రూపంలో కూడా ఉంచుకుని, తెరకు పంపేటప్పుడు దాన్నే చదవడం. తెల్లటి పేజీలాంటివి బాగా కుదురుతాయి, ఫొటోలు అంతగా కుదరవు. మెమరీ చదువులు తగ్గుతాయి గానీ కేబుల్ మేలుకునే ఉంటుంది.

అసలైనది ప్యానెల్ సెల్ఫ్ రిఫ్రెష్, అంటే పీఎస్ఆర్. డిస్‌ప్లే ప్రమాణాలను రూపొందించే వెసా సంస్థ 2011లో విడుదల చేసిన ఈడీపీ 1.3లో దీన్ని ప్రవేశపెట్టారు. తెర వెనకున్న టీకాన్‌కు సొంతంగా కాస్త మెమరీ ఇస్తారు. బొమ్మ మారడం లేదని డ్రైవర్ గమనించగానే చివరి బొమ్మను అక్కడ దాచుకోమని చెప్పి కేబుల్ మూసేస్తుంది. ఇక పిక్సెళ్లను 60 సార్లు రాసే పని టీకాన్ తన దగ్గరున్న కాపీలోంచి చేసుకుంటుంది. ఇటువైపు మెమరీ, చిప్ నిద్రకు వెళ్తాయి. కొత్తగా ఏదైనా గీయగానే డ్రైవర్ కేబుల్ తెరిచి మళ్లీ పాత పద్ధతికి వస్తుంది.

ఇది ఉచితంగా రాదు. టీకాన్‌లోని మెమరీకి కూడా కరెంటు కావాలి. నిద్రకు పంపడానికీ లేపడానికీ కొంత ఖర్చవుతుంది. అందుకే బొమ్మ ఆగిన మరుక్షణమే పీఎస్ఆర్ మొదలవదు. వరసగా కొన్ని ఫ్రేముల (తెర మీద ఒక్కోసారి రాసే బొమ్మను ఫ్రేమ్ అంటారు) పాటు మార్పేమీ లేదని తేలాకే డ్రైవర్ అటు వెళ్తుంది.

ఇప్పుడొక చిక్కు చూడండి. మీరు డాక్యుమెంట్ తెరిచి ఏమీ టైప్ చేయకుండా ఆలోచిస్తున్నారు. తెర మీద కదులుతున్నది ఒక్కటే, మిణుకుమనే నిలువు గీత. విండోస్‌లో అది మామూలుగా 530 మిల్లీసెకన్లకు ఒకసారి వెలిగి ఆరుతుంది. 60 హెర్ట్జ్ లెక్కన అంటే దాదాపు 32 ఫ్రేములకు ఒక మార్పు. మిగతా 31 ఫ్రేముల్లో తేడా ఏమీ లేదు. అయినా మొదటి తరం పీఎస్ఆర్ అయితే ఆ ఒక్క గీత కోసం సెకనుకు దాదాపు రెండుసార్లు లేచి, మొత్తం తెరను పంపి, మళ్లీ కాసేపు ఎదురుచూసి నిద్రపోవాలి.

దీనికి విరుగుడే రెండో తరం, పీఎస్ఆర్2. ఇందులో మొత్తం బొమ్మ పంపక్కర్లేదు, మారిన ముక్కను మాత్రమే పంపితే టీకాన్ తన కాపీలో ఆ ముక్కను మార్చుకుంటుంది. మిణుకుమనే గీత ఎత్తు 20 వరసలు అనుకుంటే, 1080 వరసల్లో అది 2 శాతం కూడా కాదు. ఖర్చు ఎంత పడిపోతుందో ఊహించవచ్చు. అయితే ఏ ముక్క మారిందో డ్రైవర్ ఇప్పుడు కచ్చితంగా తెలుసుకోవాలి. ఒక్క వరస తప్పిపోయినా పాత బొమ్మ తాలూకు అవశేషం తెర మీద అలాగే మిగిలిపోతుంది.

తడబాటు ఎక్కడ మొదలవుతుంది

పీఎస్ఆర్ సిద్ధాంతం వింటే ఇందులో చెడిపోవడానికి ఏముందనిపిస్తుంది. ఆచరణలో ఇది గ్రాఫిక్స్ డ్రైవర్లలో పేరుమోసిన తలనొప్పి. తెర మీదకు వచ్చే ప్రతి మార్పూ డ్రైవర్ కళ్ల ముందు నుంచే వెళ్లాలన్నది దీనికి పునాది. ఏదో పాత ప్రోగ్రామ్ నేరుగా మెమరీలో రాసేస్తే డ్రైవర్‌కు ఆ కబురు అందదు. ఫలితం, లోపల గడియారం నడుస్తుంటుంది, తెర మీద మాత్రం పాత టైమే ఉంటుంది. మౌస్ కదిపితేనే అన్నీ ఒక్కసారిగా మారతాయి.

లేవడానికి పట్టే సమయం ఇంకో గొడవ. కేబుల్ రెండు చివర్లూ మళ్లీ ఒకదానితో ఒకటి కుదురుకోవాలి, చిప్ నిద్రలోంచి బయటకు రావాలి, ఇంతసేపూ సొంత గడియారంతో నడిచిన టీకాన్ మళ్లీ చిప్ గడియారంతో అడుగు కలపాలి. అది ఒకట్రెండు ఫ్రేముల్లో అయిపోతే ఎవరికీ తెలియదు. కాస్త ఎక్కువ పట్టిందా, మౌస్ అతుక్కుపోయి దూకుతుంది. అడుగు సరిగ్గా కలవకపోతే తెర ఒక్కసారి మినుకుమంటుంది.

అన్నిటికన్నా ఇబ్బంది పెట్టేది తెరల వైవిధ్యం. ఎంతసేపటికి లేవగలను, పీఎస్ఆర్ నాకు వచ్చా రాదా అన్నది తెరే చెబుతుంది, కొన్ని వివరాలు ల్యాప్‌టాప్ బయోస్‌లో (ఆన్ చేయగానే మొదట నడిచే సాఫ్ట్‌వేర్‌లో) రాసి ఉంటాయి. అవి తప్పయితే డ్రైవర్ ఆ తప్పునే నమ్ముతుంది. విండోస్‌లాగే మరో ఆపరేటింగ్ సిస్టమ్ అయిన లినక్స్ డ్రైవర్లలో "వస్తుందని చెబుతుంది గానీ నమ్మొద్దు" అని గుర్తుపెట్టిన పరికరాల జాబితా ఒకటి కోడ్‌లోనే ఉంది. పైగా ఒకే మోడల్ ల్యాప్‌టాప్‌లో ఒక బ్యాచ్‌కు ఒక కంపెనీ తెర, ఇంకో బ్యాచ్‌కు మరో కంపెనీ తెర అమర్చడం మామూలే. "మా ఫ్రెండ్‌దీ ఇదే మోడల్, అదే డ్రైవర్, వాడికి ఏ సమస్యా లేదు" అనే మాట నిజమే కావచ్చు. ఆ మాటతో మీ సమస్య అబద్ధమైపోదు.

ఇంటెల్ లినక్స్ డ్రైవర్ చరిత్ర దీనికి మంచి ఉదాహరణ. 2016లో పీఎస్ఆర్‌ను అందరికీ డిఫాల్ట్‌గా ఆన్ చేసి, సమస్యలు బయటపడటంతో కొన్ని నెలల్లోనే వెనక్కి తీసుకున్నారు. అది మళ్లీ డిఫాల్ట్ కావడానికి ఇంకొన్నేళ్లు పట్టింది. ప్రమాణం పుట్టింది 2011లో అన్న సంగతి గుర్తుంచుకుని చూస్తే, కాగితం మీది ఆలోచనకూ నమ్మదగ్గ డ్రైవర్‌కూ మధ్య దూరం ఎంతో తెలుస్తుంది.

ప్యానెల్ రీప్లే అనే కొత్త పద్ధతి ఈ కష్టాల్లో కొన్నిటిని తగ్గించడానికే వచ్చింది. ఇందులో తెరా చిప్పూ ఒకే తాళంలో ఉండగలిగే ఏర్పాటు ఉంది కాబట్టి మళ్లీ అడుగు కలిపే బాధ తగ్గుతుంది. 2019 నాటి డిస్‌ప్లేపోర్ట్ 2.0 ప్రమాణంలో ఇది చేరింది. అంటే ల్యాప్‌టాప్ తెరకే కాకుండా బయట పెట్టుకునే మానిటర్‌కు కూడా వర్తించగలదు.

బొమ్మను మార్చి చేసే పొదుపు

ఇక రెండో రకం. ఎల్‌సీడీ పిక్సెల్ సొంతంగా వెలగదు. వెనక నుంచి వచ్చే బ్యాక్‌లైట్‌ను ఎంత వదలాలో ఎంత ఆపాలో అది నిర్ణయిస్తుంది. చీకటి దృశ్యం చూపించేటప్పుడు బ్యాక్‌లైట్ పూర్తిగా వెలుగుతుంటే, పిక్సెళ్లు అందులో చాలా భాగాన్ని అడ్డుకుంటాయి. మోటారు ఫుల్లుగా నడిపి కుళాయి సగం మూసినట్టు. మోటారు తగ్గించి కుళాయి పూర్తిగా తిప్పినా అన్ని నీళ్లే వస్తాయి, కరెంటు మిగులుతుంది. ఇంటెల్ డీపీఎస్‌టీ, ఏఎండీ వేరీ-బ్రైట్ చేసేది ఇదే. లినక్స్‌లో ఏఎండీ వాళ్లు దీన్ని ఏబీఎం అంటారు, సున్నా నుంచి నాలుగు దాకా దానికి మెట్లుంటాయి. ల్యాప్‌టాప్ తెర తినే కరెంటులో పెద్ద వాటా బ్యాక్‌లైట్‌దే కాబట్టి ఇక్కడ ఆదా చేయడానికి చోటు ఎక్కువ.

సినిమాలో ఒక రాత్రి సీన్ తీసుకుందాం. అందులో అన్నిటికన్నా వెలుగున్న పిక్సెల్ విలువ 70 శాతం అనుకోండి. పిక్సెల్ విలువకూ బయటకొచ్చే వెలుతురుకూ సంబంధం నేరుగా ఉండదు. పిక్సెల్ విలువను వెలుతురుగా మార్చే సూత్రాన్ని గామా అంటారు, 2.2 అనే మామూలు గామా లెక్కలో 70 శాతం విలువకు వచ్చే వెలుతురు దాదాపు 46 శాతమే. కాబట్టి బ్యాక్‌లైట్‌ను 46 శాతానికి దించి, పిక్సెల్ విలువలన్నీ అదే నిష్పత్తిలో పెంచితే కంటికి చేరే వెలుతురులో సిద్ధాంతపరంగా తేడా ఉండదు.

అంతలో కింద తెల్లటి సబ్‌టైటిల్ వచ్చింది. తెరలో అది ఒక శాతం చోటు కూడా ఆక్రమించదేమో, కానీ దాని విలువ 100 శాతం. దానికోసం బ్యాక్‌లైట్‌ను పూర్తిగా పెంచితే పొదుపంతా పోయింది. 46 దగ్గరే ఉంచితే సబ్‌టైటిల్ సగానికి పైగా మసకబారుతుంది. డ్రైవర్ మధ్యేమార్గం ఎంచుకుంటుంది. 75 శాతం దగ్గర ఆపిందనుకోండి, సబ్‌టైటిల్ వెలుతురులో పావు వంతు పోతుంది, మిగతా సీన్ చెక్కుచెదరదు. సినిమా చూసేవాళ్లలో చాలామంది ఇది గమనించరు.

ఇప్పుడు సినిమా మూసి ఎక్సెల్ షీట్ తెరవండి. తెరంతా తెలుపే. బ్యాక్‌లైట్‌ను తగ్గిస్తే పిక్సెళ్లను ఇంకా పెంచడానికి చోటు లేదు, అవి అప్పటికే 100 దగ్గరున్నాయి. తక్కువ మెట్టులో ఉంటే డ్రైవర్ దాదాపు చేతులు ముడుచుకుని కూర్చుంటుంది. ఎక్కువ మెట్టులో ఉంటే అప్పుడూ తగ్గిస్తుంది, పై విలువలన్నిటినీ ఒకచోటికి కుక్కేస్తుంది. సున్నా నుంచి 255 దాకా ఉండే కొలతలో 240 విలువ ఉన్న లేత బూడిద రంగూ 255 విలువ ఉన్న తెలుపూ దాదాపు ఒకటైపోతాయి. గళ్ల మధ్య లేత గీతలు మాయమవుతాయి. జనం "రంగులు వెలిసిపోయాయి" అంటున్నది దీన్నే.

వెలుతురు మెల్లగా మారడానికీ కారణముంది. సీన్ కట్ అయిన ప్రతిసారీ బ్యాక్‌లైట్ ఎగిరి దూకితే చూసేవాడికి కళ్లు తిరుగుతాయి. అందుకే చిన్న చిన్న అంగల్లో కదలాలని పెట్టారు. తెల్లటి పేజీ తెరిచినప్పుడు మీకు కనిపించే నెమ్మది ఆ జాగ్రత్త ఫలితమే.

ఇంకో తమాషా. ఈ దిద్దుబాటు బొమ్మ తెరకు వెళ్లే దారిలో జరుగుతుంది, మెమరీలో ఉన్న అసలు బొమ్మకు కాదు. కాబట్టి స్క్రీన్‌షాట్ తీసి సర్వీస్ సెంటర్‌కు పంపితే అందులో రంగులు నిక్షేపంగా ఉంటాయి. ఫోన్‌తో ఫొటో తీస్తే తప్ప తేడా పట్టుబడదు.

ఒకటి ఆపితే ఇంకోటి మిగులుతుంది

జనాన్ని నిజంగా విసిగించేది ఈ పని ఒకేచోట జరగకపోవడం. గదిలో వెలుతురును బట్టి మారేది లైట్ సెన్సర్ పని. తెర మీద ఏముందో చూసి వెలుతురు మార్చే ఆప్షన్ విండోస్ 11 సెట్టింగ్స్‌లోనే ఒకటుంది, కొన్ని ల్యాప్‌టాప్‌లలో అసలు కనిపించదు. అదే పనికి ఇంటెల్ లేదా ఏఎండీ సాఫ్ట్‌వేర్‌లో ఇంకో మీట ఉంటుంది. కొన్ని తెరల్లో టీకాన్ తనంతట తానే ఇలాంటిది చేస్తుంది, దానికి ఏ మీటా ఉండకపోవచ్చు. బ్యాటరీ తగ్గినప్పుడు బ్యాటరీ సేవర్ మొత్తం బ్రైట్‌నెస్‌ను ఒక్కసారి తగ్గించడం వీటన్నిటికీ అదనం.

వీటి ప్రవర్తనలో తేడా ఉంది. సెన్సర్ మీద చెయ్యి అడ్డం పెడితే వెలుతురు మారితే అది సెన్సర్ పని. గది మారకుండా, నలుపు నుంచి తెలుపుకు విండో మార్చినప్పుడే మారితే అది బొమ్మను చూసి పనిచేసేది. ఎన్‌విడియా కార్డున్న గేమింగ్ ల్యాప్‌టాప్ కొన్నవాళ్లు ఎన్‌విడియా ప్యానెల్లో వెతికి వెతికి ఏమీ దొరక్క తిరిగొస్తుంటారు. చాలా ల్యాప్‌టాప్‌లలో లోపలి తెర కేబుల్ ప్రాసెసర్‌లోని ఇంటెల్ లేదా ఏఎండీ గ్రాఫిక్స్‌కే కలిసి ఉంటుంది. కాబట్టి మీట కూడా అక్కడే ఉంటుంది.

రిఫ్రెష్ రేటు తగ్గించడం ఈ రెండు రకాలకూ మధ్యలో ఉంటుంది. ఏమీ కదలనప్పుడు 120 నుంచి 60కో, 60 నుంచి 48కో దించితే ఆగిన బొమ్మలో తేడా రాకూడదు. కానీ పిక్సెళ్లలోని ఆవేశం కారిపోవడానికి ఎక్కువ వ్యవధి దొరుకుతుంది కాబట్టి కొన్ని తెరల్లో లేత మినుకు కనిపిస్తుంది. ఓఎల్‌ఈడీ తెరల్లో బ్యాక్‌లైట్ ఉండదు, ప్రతి పిక్సెల్ తనే వెలుగుతుంది, కాబట్టి పైన చెప్పిన కుళాయి లెక్క వర్తించదు. డార్క్ థీమ్ వల్ల గట్టిగా ఆదా అయ్యేది ఇలాంటి తెరల మీదే.

ఇంతా చేసి మిగిలేది ఎంత

ఇది వాడకాన్ని బట్టి మారుతుంది. లెక్క కోసం 50 వాట్-అవర్ బ్యాటరీ తీసుకుందాం. మీరు ఊరికే చదువుకుంటున్నారు, ల్యాప్‌టాప్ మొత్తం 5 వాట్లు తింటోంది. 10 గంటలు వస్తుంది. డిస్‌ప్లే పొదుపుల వల్ల అర వాట్ తగ్గితే 11 గంటల 7 నిమిషాలు, అంటే గంటకు పైగా లాభం. అదే ల్యాప్‌టాప్‌లో వీడియో ఎడిటింగ్ చేస్తూ 20 వాట్లు తింటుంటే రెండున్నర గంటలు వస్తుంది. అదే అర వాట్ మిగిల్చినా పెరిగేది నాలుగు నిమిషాల లోపే. ఇంతకూ వీడియో ఎడిటింగ్ చేసేవాడికే రంగులు సరిగ్గా కనిపించాల్సిన అవసరం ఎక్కువ. కంపెనీలు ఈ పొదుపుల్ని వదలకపోవడానికీ, కొందరు వాడకందారులు వాటిని కట్టేయడానికీ ఇద్దరి దగ్గరా న్యాయమైన కారణం ఉందన్నమాట.

ఎవరు నిర్ణయించాలి

2024లో ఈ తగవు లినక్స్‌లో బయటపడింది. ఏఎండీ డ్రైవర్‌లోని బ్యాక్‌లైట్ పొదుపును, పొదుపు కావాలా వేగం కావాలా అని ఎంచుకునే పవర్ ప్రొఫైళ్లను నడిపే ప్రోగ్రామ్‌కు కలిపారు. బ్యాటరీ మీద ఉన్నప్పుడు అది దానంతట అదే ఆన్ అయ్యేసరికి, అప్‌డేట్ తర్వాత తెర పాడైపోయిందని చాలామంది హడలిపోయారు. కలిపినవాళ్ల వాదన ఏమిటంటే, విండోస్‌లో ఇది ఎప్పటినుంచో ఉన్నదే, లినక్స్‌లో బ్యాటరీ తక్కువ వస్తుందని గోల చేసేది మీరే కదా అని. వ్యతిరేకించినవాళ్ల వాదన, పొదుపు ప్రొఫైల్ అంటే ప్రాసెసర్ నెమ్మదించడమని మేం ఒప్పుకున్నాం గానీ రంగులు మార్చడానికి ఒప్పుకోలేదని. నాకు రెండో వాదనే బలంగా కనిపిస్తుంది. పొదుపు తప్పని కాదు. కంటికి కనిపించే మార్పును పేరు చెప్పకుండా పెట్టడం వల్ల జనం తెర చెడిందనుకున్నారు. అదే పీఎస్ఆర్ విషయంలో ఈ వాదన నిలవదు. కంటికి కనిపించకూడని దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, సరిగ్గా పనిచేస్తే చాలు.

ఆ ఏడాదే ఏఎండీ ఇంజినీర్లు లినక్స్‌కు ఒక ప్రతిపాదన తెచ్చారు. తెరను నడిపే డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్ డ్రైవర్‌కు రెండు మాటలు విడివిడిగా చెప్పగలగాలి: "రంగులు కచ్చితంగా ఉండాలి" అన్నది ఒకటి, "ఆలస్యం ఉండకూడదు" అన్నది రెండోది. మొదటిది చెబితే బ్యాక్‌లైట్ పొదుపు ఆగుతుంది, రెండోది చెబితే పీఎస్ఆర్ ఆగుతుంది. ఫొటో ఎడిటర్ తెరిచినప్పుడు ఒకటి, గేమ్ ఆడేటప్పుడు ఇంకోటి వాడుకోవచ్చన్నది ఆలోచన. అయితే మామూలు ల్యాప్‌టాప్ తెరకు బ్యాక్‌లైట్ ఒకటే. తెరలో సగం ఫొటో ఎడిటర్, సగం బ్రౌజర్ పెట్టుకున్నవాడికి ఏ సగం మాట వినాలన్నది ఈ రెండు మాటలతో తేలదు.